గాలికోట పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

గాలి నింపి నిలుపు గడపలేని గృహము
గాలి వీచునపుడు కట్టు తెగును
మేకులారు వలయు మెత్తని మడిలోన
పిలిచి దింపవయ్య పిల్లగాండ్ర

అవతారిక: కామారెడ్డి దాటి 44వ నంబరు జాతీయ రహదారిపై నిజామాబాదు దిక్కు పోవువారికి సదాశివనగర్ తగులును. జాతర కానీ, బర్త్‌డే ఫంక్షన్ కానీ, జంపింగ్ మిక్కీమౌస్ అను గాలికోట లేచి నిలుచుట ఈ కాలపు ఆచారము. దానిని కిరాయికి తిప్పు అన్నను ఉద్దేశించి ఈ పద్యము పుట్టినది. కవి ఎవరని అడగరాదు, వ్యాఖ్యాతయే.

టీక: గాలి నింపి = బ్లోయరుతో, ఆపకుండా నింపి. కుట్లలోంచి గాలి పోతూనే ఉండును గనుక "ఆపకుండా" అని చేర్చుకొనవలెను. మన దగ్గర దుమారం లేవగానే మొదట పోయేది కరెంటు. అప్పుడు ఈ గోడలు లోపలివారి మీదనే వాలును. జనరేటరు లేని కోట ఎక్కించదగినది కాదు.

గాలి వీచునపుడు = మొదటి గాలి లోపలిది, ఇది బయటిది; పునరుక్తి దోషము లేదు. ఎంత గాలి? గంటకు 38 కిలోమీటర్లు దాటితే దింపవలసినదేనని యూరపు ప్రమాణము. మీటరు లేనివారు చెట్టును చూడవచ్చును: ఆకులున్న చిన్న చెట్లు మొదలంటా ఊగసాగినచో హద్దు వచ్చినట్లే.

మేకులారు = తక్కువలో తక్కువ ఆరు. ఒక్కొక్కటి 38 సెంటీమీటర్ల పొడవు, బయటికి వాల్చి కొట్టవలెను. "నాలుగు మూలలకు నాలుగు చాలవా" అనువారి మతము చెల్లదు.

మెత్తని మడి = వరి కోసిన పొలము. అందు మేకు నిలువదు. అప్పుడు కట్టు ఒక్కింటికి 163 కిలోల బరువు కట్టమని శాస్త్రము. అనగా 40 కిలోల వడ్ల బస్తాలు నాలుగు, పైన చిన్న మూట. ఆరు కట్లకు ఇరవై నాలుగు బస్తాలు, ఆరు మూటలు. కొనుగోలు కేంద్రము పక్కనే కోట వేసికొనుట సుఖము.

పిలిచి = ఇది కవి అమాయకత్వము. పిలిస్తే దిగు పిల్లగాడు ఇంతవరకు పుట్టలేదు. లోపలికి ఎక్కి దింపవలెను.

విశేషం: వానను గూర్చి కవి ఏల చెప్పలేదు? వాన తానే చెప్పుకొనును. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల 40 సెంటీమీటర్లు దాటి కురిసినది. అటువంటి దినమున దుంకుటకు ఎవరు పోదురు? తడిసిన రెగ్జిన్ జారును, బ్లోయరు తీగ షాకు కొట్టును, ఇంతే. ఎండకు పరీక్ష అరచేయి: ఆనించి ఉంచలేనిచో పొద్దు వాలినదాకా మూసివేయవలెను.

అసలు భయం తేటగా ఉన్న రోజున వచ్చే సుడిగాలిది. 2021 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని డెవన్‌పోర్ట్‌లో, హిల్‌క్రెస్ట్ బడి ఆవరణలో, అటువంటి సుడిగాలే కోటను ఎత్తివేసింది. ఆరుగురు పిల్లలు చనిపోయారు. ఎనిమిది చోట్ల కట్టవలసిన దాన్ని నాలుగు చోట్లే కట్టారు. అయినా, ఎనిమిదీ కట్టినా ఆ గాలికి ఆగేది కాదంటూ 2025లో కోర్టు నిర్వాహకురాలిని నిర్దోషిగా తేల్చింది. ఎండాకాలం మన ఎండిన మడుల్లో దుమ్ము గుండ్రంగా లేచి తిరగడం కొత్త కాదు. చిన్నప్పుడు అందరం దాని వెంట ఉరికినవాళ్లమే. కనుక మేకుల లెక్కను మెచ్చుకుంటూ కూర్చోక, ఆఖరి పాదాన్నే ప్రధానవాక్యంగా పట్టుకోవాలి.

తాత్పర్యం: ఓ కిరాయి అన్నా, మేకులు ఆరూ కొట్టు, ఒక కన్ను చెట్టు మీద పెట్టు, దుమ్ము లేస్తే ముందు పిల్లలను దింపు, తరువాత గాలి తీయి. ఓ తల్లిదండ్రులారా, సగం ఆటకే దింపినాడని టికెట్ పైసలు వాపసు అడగకండి. మీరు అడుగుతారనే ఆయన దింపడానికి వెనకాడేది.