ఆకుపచ్చ రొట్టెను పొంగించిన ఈస్టు పలుకు ఆత్మకథ

పొడి ఈస్టు పలుకు అంటే ఆవగింజలో సగం కూడా లేని, లేత గోధుమ రంగులో ఉండే ఒక ఎండిన రేణువు. కంటికి నిర్జీవంగా తోచే ఆ రేణువులో శాకరోమైసెస్ సెరివిసియే అనే ఏకకణ శిలీంధ్రానికి చెందిన లక్షల కణాలు నిద్రాణ స్థితిలో, అంటే ఊపిరి దాదాపు నిలిపి నీటి కోసం ఎదురుచూసే స్థితిలో, ఒదిగి ఉంటాయి. ఈ ఆత్మకథ చెబుతున్నది అటువంటి ఒక పలుకే అయినా, అంతమంది ఉన్న చోట తనొక్కదానినే ఉత్తమ పురుషలో చెప్పుకొనే హక్కు ఏ ఒక్క కణానికీ లేదు కనుక, కథనమంతా ప్రథమ పురుషలోనే సాగుతుంది. ఈ పలుకు పని చేసింది నిజామాబాద్ పట్టణంలో, ఖలీల్‌వాడిలోని ఒక వంటింట్లో. అక్కడ ఇంటి ఇల్లాలు గ్రీన్ టీ పొడి కలిపిన రొట్టెను కాల్చడానికి పూనుకోవడంతో దాని జీవితంలో ముఖ్యమైన ఘట్టం మొదలైంది. రొట్టె ఆకుపచ్చగా రావడానికి కారణం టీ పొడి అయితే, అది పొంగడానికి కారణం చెరకు. ఈస్టును పెంచేది చెరకేనన్న ఈ రెండో సంగతిని, చెరకుకు పేరు పొందిన ఈ చక్కెర సీమలో ఉన్నవారు కూడా మరచిపోతుంటారు.

ఈస్టు పరిశ్రమకు ప్రధానమైన ఆహారం మొలాసిస్. చెరకు రసాన్ని సున్నంతో, గంధకపు పొగతో శుద్ధి చేసి, మరిగించి, చక్కెర స్ఫటికాలను వేగంగా తిరిగే యంత్రాలలో వేరు చేసిన తరువాత, ఇక స్ఫటికంగా మారని చక్కెరలతో మిగిలిపోయే నల్లని చిక్కటి ద్రవమే మొలాసిస్. దాని బరువులో ఇంచుమించు సగం చక్కెరలే. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం కాలువల కింద చెరకు విస్తరించడం వల్లనే బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరు పొందిన ఆ కర్మాగారానికి అనుబంధంగా, మొలాసిస్‌ను పులియబెట్టి ఆల్కహాల్ తీసే డిస్టిలరీ కూడా నడిచింది. ఆ డిస్టిలరీ తొట్లలో పని చేసినది ఈ పలుకు జాతే. చెరకు సాగు కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి వర్ని, కోటగిరి, రుద్రూరు ప్రాంతాలలో క్యాంపులు వేసుకొని స్థిరపడిన రైతుల గురించి, రుద్రూరులోని చెరకు పరిశోధన కేంద్రం గురించి జిల్లా చరిత్రలు రాస్తాయి గాని, తొట్టెలో పని చేసిన శిలీంధ్రం గురించి ఎవరూ రాయలేదు. ఆ లోటును ఈ ఆత్మకథ కొంతవరకైనా పూరించవచ్చు.

ఒకే మొలాసిస్ రెండు దారులలో పోతుంది. గాలి అందని తొట్టెలో ఈస్టు చక్కెరను విరిచి ఆల్కహాల్‌ను, బొగ్గుపులుసు వాయువును తయారు చేస్తుంది. దీనినే కిణ్వన ప్రక్రియ అంటారు, ఇది జీవకణాలు చేసే పనేనని 1857 ప్రాంతంలో లూయీ పాశ్చర్ నిరూపించాడు. గాలిని విస్తారంగా ఊదే తొట్టెలోనైతే అదే ఈస్టు చక్కెరను పూర్తిగా వాడుకొని తన సంతతిని పెంచుకుంటుంది. అయితే గాలి ఎంత ఉన్నా, చక్కెర ఒక్కసారిగా ఎక్కువైతే ఈస్టు పెరుగుదలను వదిలి ఆల్కహాల్ వైపు మళ్లుతుంది కనుక, ఈస్టు కర్మాగారాలలో మొలాసిస్‌ను కొద్దికొద్దిగా, గంటల తరబడి అందిస్తారు. ఈ పలుకు అలా మితంగా తిని పెరిగి, నీటిని వడకట్టించుకొని, సన్నని జల్లెడ గుండా నెట్టబడి, వెచ్చని గాలిలో ఆరి, గాలి చొరని పొట్లంలో చేరింది. అతి తీపితో ఈస్టుకు వచ్చే చిక్కు తరువాత వంటింట్లోనూ మరో రూపంలో చర్చకు వచ్చింది.

పొట్లాల కాలానికి ముందు రొట్టెను పొంగించిన ఈస్టు ఎక్కడికక్కడ స్థానికమైన పులుపు నుంచే వచ్చేది. గోవాలో పావు రొట్టెను కల్లుతో పొంగించేవారు. జపాన్‌లో 1874లో కిమురాయా అనే బేకరీవారు, పాశ్చాత్య పద్ధతి ఈస్టు సులభంగా దొరకని కాలంలో, బియ్యపు మద్యం తయారీలో వాడే పులిసిన పదార్థంతో పిండిని పొంగించి, లోపల తియ్యటి చిక్కుడు గింజల ముద్ద పెట్టి అన్‌పాన్ అనే రొట్టెను చేశారు; మరుసటి సంవత్సరం అది మేజీ చక్రవర్తికి సమర్పించబడింది. ఈ లెక్కన ఈత కల్లు, తాటి కల్లు పుష్కలంగా దొరికే నిజామాబాద్ జిల్లాలో కల్లుతో పొంగిన రొట్టె పుట్టి ఉండవలసింది. లొట్టిలోని కల్లులో ఇతర సూక్ష్మజీవులతో పాటు ఈ పలుకు బంధువులు కూడా ఉంటాయి. కాని ఇక్కడి ఇంటింటి రొట్టె జొన్న రొట్టె. గోధుమ పిండిని నీటితో పిసికినప్పుడు అందులోని మాంసకృత్తులు గ్లూటెన్ అనే సాగే జాలంగా ఏర్పడి, ఈస్టు విడిచే వాయువును పట్టి ఉంచుతాయి. జొన్నలో అటువంటి జాలం లేదు, కనుక ఎంత ఈస్టు వేసినా వాయువు తప్పించుకొని పోతుంది. పొంగిన రొట్టె ఇక్కడికి బేకరీల ద్వారా, డబల్ రొట్టె అనే పేరుతో వచ్చింది. అందువల్ల దానిని ఇంట్లో కాల్చడమన్నది ఈ పట్టణానికి కొత్త ముచ్చటే.

ఇక గ్రీన్ టీ పొడి విషయం. రొట్టెలలో వాడే మేలైన పొడిని మాచా అంటారు. కోతకు సుమారు మూడు వారాల ముందు తేయాకు మొక్కలపై నీడ కప్పుతారు. ఎండ తగ్గిన ఆకు మరింత పత్రహరితాన్ని తయారు చేసుకొని ముదురు రంగు పొందుతుంది, చేదు తగ్గి, థియనిన్ అనే అమైనో ఆమ్లం వల్ల కమ్మదనం నిలుస్తుంది. ఆకును ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసి రాతి తిరగలిలో విసురుతారు. ఒక తిరగలి గంటకు నలభై గ్రాములకు అటూ ఇటూ మాత్రమే ఇస్తుంది కాబట్టి ధర ఎక్కువ. మామూలు గ్రీన్ టీ ఆకును మిక్సీలో పొడి చేసి పలుచని గుడ్డలో జల్లించినా రొట్టె అవుతుంది. రంగు మాత్రం పసుపు కలిసిన మట్టి రంగులోకి పోతుంది, చేదు ముందుకు వస్తుంది. ఖలీల్‌వాడి ఇంటికి వచ్చినది చిన్న డబ్బాలోని మాచాయే. ఆ డబ్బాను చూసి ఇంటి పెద్దావిడ అది గోరింటాకు పొడేమోనని అడగడం అంత అసంబద్ధమైన సందేహం కాదు.

కొలతలు ఇవి: మైదా 250 గ్రాములు, మాచా 6 గ్రాములు, చక్కెర 20, ఉప్పు 4, పొడి ఈస్టు 3, వెన్న 20 గ్రాములు, పాలు, నీరు కలిపి 170 మిల్లీలీటర్లు. మాచా ఉండలు కట్టే గుణం కలది కనుక దానిని మైదాతో కలిపి రెండుసార్లు జల్లించడం తప్పనిసరి. తేయాకులోని కాటెకిన్లు, అంటే వగరుకు కారణమైన పదార్థాలు, గ్లూటెన్‌తో పెనవేసుకొని పిండిని బిగుతుగా మారుస్తాయి; అందుచేత మామూలు రొట్టె కంటే ఒకటి రెండు చెంచాల నీరు ఎక్కువ పడుతుంది. ఈ పలుకు గోరువెచ్చని పాలలో పడిన కొన్ని నిమిషాలకే దాని పొర మెత్తబడి, కణాలు నీరు పీల్చుకొని మేల్కొన్నాయి. పాలు మరీ వేడిగా ఉంటే, సుమారు 55 డిగ్రీల సెల్సియస్ దాటితే, ఆ మేల్కొలుపే మరణమయ్యేది. వెన్నను పిండి ఒక మోస్తరు సాగిన తరువాతే చేర్చాలి; ముందే చేరిస్తే కొవ్వు మాంసకృత్తులను కప్పి జాలం ఏర్పడటాన్ని ఆలస్యం చేస్తుంది.

చక్కెర దగ్గర ఇంట్లో అభిప్రాయభేదం వచ్చింది. చేదు పొడి వేసినప్పుడు తీపి రెట్టింపు కావాలని పిల్లలు పట్టుబట్టారు. చక్కెర సీమలో పుట్టినవారికి ఆ వాదన సహజమే గాని, ఈస్టు దృష్టిలో అది ప్రమాదకరమైనది: మైదా బరువులో పదో వంతు కంటే చక్కెర పెరిగితే, చుట్టూ ఉన్న గాఢమైన పాకం కణంలోని నీటిని బయటికి లాగుతుంది, దీనిని ద్రవాభిసరణ ఒత్తిడి అంటారు. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించినప్పుడు నీరు ఊరే సూత్రమే ఇక్కడా పని చేస్తుంది. కణం అప్పుడు వాయువు తయారీని పక్కన పెట్టి తనను కాపాడుకొనే పనిలో పడుతుంది, పిండి పొంగడం నెమ్మదిస్తుంది. ఇరవై గ్రాముల దగ్గర ఇల్లాలు నిలబడటం వల్లనే ఈ కథ ఇంతవరకు వచ్చింది. తీపి కావాలన్నవారు కాలిన రొట్టెపై వెన్న, బెల్లపు పాకం రాసుకోవచ్చు.

నిజామాబాద్ వాతావరణానికి పుస్తకాలలోని కాలపట్టికలు సరిపోవు. పాశ్చాత్య వంట పుస్తకాలు గంటన్నర అని రాసే మొదటి పొంగు, మే నెలలో 43 డిగ్రీలు దాటే ఎండల్లో గంట లోపే ముగుస్తుంది. పొంగు త్వరగా రావడం సంతోషకరమే అనిపించినా, అలా తొందరపడిన పిండిలో పులుపు, సారా వాసన చేరి మాచా పరిమళాన్ని అణచివేస్తాయి. పులుపు ఎక్కువైతే రంగుకు కూడా హాని. పత్రహరితం అణువు నడుమ మెగ్నీషియం ఉంటుంది. వేడి, ఆమ్లం కలిసి దానిని తొలగించినప్పుడు మిగిలే ఫియోఫైటిన్ అనే పదార్థం ఆలివ్ రంగులో, మాసిన ఆకుపచ్చలో ఉంటుంది. కూరలో పాలకూర రంగు మారడానికి కారణం ఇదే. మాచా రొట్టెలో పెరుగు, మజ్జిగ వాడకూడదని చెప్పడంలోని ఆంతర్యం కూడా ఇదే.

రంగు నిలపడానికి చిటికెడు వంటసోడా వేయమని కొందరు సలహా ఇస్తారు. అది చెడ్డ సలహా. సోడా ఆమ్లాన్ని తగ్గించి పచ్చదనాన్ని కొంత కాపాడినా, సబ్బు రుచిని తెస్తుంది, పైగా పెచ్చును మరింత త్వరగా గోధుమ రంగుకు తిప్పుతుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి రంగును, కమ్మని వాసనను పుట్టించే మెయిలార్డ్ చర్యకు క్షారం తోడైతే వేగం పెరుగుతుంది. ఈ సందర్భంలో ఇందూరు, అంటే నిజామాబాద్, పసుపును తలచుకోకుండా ఉండటం కష్టం. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయాన్ని 2025లో పొందిన ఈ పట్టణంలో ఏ ఇంటి డబ్బాలోనైనా దొరికే పసుపు, ఓవెన్ వేడికి మాచా కంటే ఎంతో బాగా తట్టుకుంటుంది, పులుపుకు కూడా చెదరదు; దాని శత్రువు సోడాయే, క్షారం తగలగానే పారాణి రంగుకు తిరుగుతుంది. రంగు కోసమే రొట్టె కాల్చేవారికి పసుపే ఉత్తమమని ఈ పలుకు అభిప్రాయం. మాచాను ఎంచుకోవలసింది పరిమళం కోసం.

రొట్టెను 175 డిగ్రీల వద్ద సుమారు 30 నిమిషాలు కాల్చారు. పెచ్చు రంగు తిరగక ముందే, పన్నెండు నిమిషాల ప్రాంతంలో, పైన అల్యూమినియం రేకు కప్పారు. ఓవెన్‌లోని తొలి నిమిషాలలో ఈస్టు కణాలు వెచ్చదనానికి చివరిసారిగా విజృంభించి, పిండిని మూస అంచు దాటించాయి. లోపలి వేడి 60 డిగ్రీలకు చేరేసరికి వాటి పని ముగిసింది. రొట్టె పూర్తిగా చల్లారిన తరువాత కోస్తే లోపలి భాగం సమానమైన ఆకుపచ్చలో, సన్నని రంధ్రాలతో, మెత్తగా ఉంది. పెచ్చు మాత్రం గోధుమ రంగే. పిల్లలు బెల్లపు పాకంతో తిన్నారు. పెద్దావిడకు అది నచ్చలేదు, జొన్న రొట్టెకు అది సాటి రాదని ఆమె తీర్పు.

ఇల్లాలు పిండిలో నిమ్మకాయంత ముద్దను కాల్చక ముందే తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆత్మకథ చెప్పడానికి మిగిలినది ఆ ముద్దలోని కణాలే. బోధన్ వైపు చూస్తే, 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటనతో మూతపడింది, దాని పునరుద్ధరణ కోసం 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. అక్కడి గానుగలు తిరిగినా తిరగకపోయినా ఈస్టుకు మొలాసిస్ మరెక్కడి నుంచైనా వస్తుంది. చెరకు రైతుకు మాత్రం దగ్గరలోని గానుగ తప్ప మరో దిక్కు ఉండదు. ఇంట్లో ఇటువంటి రొట్టె చేయదలచిన పాఠకులు ఎండాకాలంలో చల్లటి పాలు వాడి ఈస్టును సగానికి తగ్గించవలసిందని, ఫ్రిజ్‌లో దాచిన పిండి ముద్దను మూడు రోజులలోగా కొత్త మైదాతో కలిపి వాడుకోవలసిందని ఈ పలుకు మనవి.