డ్యూకుగారి పలువరస

రీజెన్సీ రొమాన్సు నవలల పాఠకుల్లో ఒక శాఖ ఉంది. వీళ్లు నవల చదవరు, తనిఖీ చేస్తారు. గౌను నడుము ఎక్కడిదాకా వచ్చింది, బండికి గుర్రాలెన్ని కట్టారు, డ్యూకును ‘యువర్ గ్రేస్’ అనాల్సిన చోట ‘మై లార్డ్’ అన్నారా... అన్నీ చూసి తీర్పు చెబుతారు. నచ్చని నవలకు వీళ్లు పెట్టిన పేరు ‘వాల్‌పేపర్ హిస్టారికల్’. అంటే కథ మొత్తం ఇప్పటిదే, గోడకు మాత్రం పాతకాలపు కాగితం అంటించారని. ఇక తీర్పులో తరచూ వినిపించే వాక్యం ఒకటే: “చరిత్ర ప్రకారం ఇది కుదరదు.” ఆ వాక్యంతో రెండు నక్షత్రాలు కోత.

చరిత్ర మీద ఇంత భక్తి చూస్తే ముచ్చటేస్తుంది. మనమూ అదే భక్తితో కాసేపు తనిఖీకి కూర్చుందాం. ముందుగా కథానాయకుణ్ణి పిలుద్దాం.

బ్రిటన్ రాజు మూడో జార్జికి మతి చలించి, కొడుకు రాజప్రతినిధిగా పాలించిన కాలమే రీజెన్సీ. 1811 నుంచి 1820 దాకా, పట్టుమని పదేళ్లు కూడా లేదు. రాజకుటుంబాన్ని పక్కనపెడితే అప్పుడు బ్రిటన్, ఐర్లండ్ కలిపి డ్యూకులు 30 మందికి లోపే. అందులోంచి ముసలివాళ్లను, పెళ్లయినవాళ్లను, పసివాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నవలల్లో మాత్రం వీధికి నలుగురు. ప్రతివాడూ ఆరడుగుల అందగాడు. ప్రతివాడికీ 30 దాటవు, పెళ్లి కాదు, మనసులో ఏదో గాయం ఉంటుంది. ఒక్కడికీ పొట్ట ఉండదు.

నిజంగానే కుర్రవాడు, అపర కుబేరుడు, పెళ్లికాని డ్యూకు ఒకాయన ఉన్నాడు. డెవన్‌షైర్ ఆరో డ్యూకు. 1811లో 21 ఏళ్లకే పదవి, భవంతులు, ఎస్టేట్లు చేతికొచ్చాయి. పెళ్లీడు పిల్లలున్న తల్లులందరి కళ్లూ ఆయన మీదే ఉండి ఉంటాయి. ఆ మహానుభావుడు 1858లో కన్నుమూసేదాకా పెళ్లి చేసుకోలేదు. చరిత్రలో ఆయనకు మిగిలిన పేరు ‘బ్యాచిలర్ డ్యూకు’. అంటే చరిత్ర ప్రకారం చూస్తే మన నవలలో 30వ ప్రకరణం ఉండదు, చర్చి గంటలు మోగవు, చివర్లో బారసాల అసలే ఉండదు. అచ్చంగా చరిత్రే కావాలంటే నార్‌ఫోక్ పదకొండో డ్యూకు ఉన్నాడు, 1815 దాకా బతికాడు. నీళ్లంటే ఆయనకు పడదనీ, తాగి ఒళ్లు తెలియకుండా పడిపోయినప్పుడే నౌకర్లు స్నానం చేయించేవాళ్లనీ ఆనాటివాళ్లు చెప్పుకునేవారు. చారిత్రక సత్యం కోరే పాఠకులారా, ఈయన్ను కౌగిలించుకునే సన్నివేశం మీరే ఊహించుకోండి.

ఇక పళ్లు. ప్రతి నవలలోనూ డ్యూకుగారు నవ్వితే ముత్యాల వరస. అప్పట్లో డబ్బున్నవాళ్లు చక్కెర తెగ తినేవాళ్లు, నోళ్లూ పాడయ్యేవి. ఊడిన పళ్ల స్థానంలో కట్టుడు పళ్లు కావాలంటే మనుషుల పళ్లే మేలు రకం. 1815లో వాటర్లూ దగ్గర వేలమంది కుర్ర సైనికులు చచ్చిపడ్డాక, ఆ శవాల నోళ్లలోంచి పీకిన పళ్లు అంగళ్లకు వచ్చాయి. వాటికి ‘వాటర్లూ పళ్లు’ అనే పేరే స్థిరపడిపోయింది. బాల్‌రూమ్‌లో నవ్విన పెద్దమనిషి నోట్లో పన్ను ఎవరిదో ఎవరికి తెలుసు! దీని గురించి ఒక్క పాఠకుడూ నక్షత్రం కోసినట్టు నేను చూడలేదు.

ఆస్తి సంగతీ ఎవరూ అడగరు. డ్యూకుగారి ఎస్టేటు ఏటా వేల పౌన్లు తెస్తుంది. ఎక్కడినుంచి? బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించారు గానీ, కరీబియన్ తోటల్లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833 దాకా రాలేదు. చక్కెర సొమ్ము అక్కడిది. ఇంకెన్నో కుటుంబాల సొమ్ము మన దేశంలో ఈస్టిండియా కంపెనీ కొలువు నుంచి వచ్చింది. ప్రత్యేకంగా ఒప్పందం రాయించుకుంటే తప్ప, పెళ్లినాడే భార్య సొమ్ము భర్త పాలు. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లాడాలంటే పార్లమెంటు చట్టం చెయ్యాలి. ఇవన్నీ తెలిసీ హీరోయిన్ “నా ఇష్టప్రకారం బతుకుతాను” అంటే మన తనిఖీ అధికారులు చప్పట్లు కొడతారు. మంచిదే. నేనూ కొడతాను.

ఇంత పెద్ద ఏనుగు దర్జాగా వెళ్లిపోయింది. తోక ఎక్కడ చిక్కిందో చూడండి.

2020 డిసెంబరులో జూలియా క్విన్ నవలల ఆధారంగా ‘బ్రిడ్జర్టన్’ సిరీస్ వచ్చింది. అందులో డ్యూకు నల్లవాడు. 2022లో రెండో సీజన్ వచ్చింది. నవలలోని కేట్ షెఫీల్డ్ తెర మీద బొంబాయి నుంచి వచ్చిన కేట్ శర్మ అయింది. అంతే, నిద్రపోతున్న చరిత్రకారులందరూ ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. “అప్పట్లో అక్కడ ఇలాంటివాళ్లు లేరు!” అది చరిత్ర కాదు, ఊహాలోకం అని ఆ సిరీస్ తీసినవాళ్లే చెబుతున్నా వినలేదు. అన్ని పళ్లూ ఉన్న డ్యూకును మింగేసినవాళ్లకు డ్యూకు చర్మం రంగు గొంతులో అడ్డుపడింది.

అక్కడ నిజంగా లేరా? రీజెన్సీ అనగానే అందరూ ప్రమాణం చేసే జేన్ ఆస్టిన్‌నే అడుగుదాం. 1817లో చనిపోయేముందు ఆమె సగంలో వదిలేసిన ‘శాండిటన్’లో మిస్ లాంబ్ అనే అమ్మాయి ఉంది. వెస్టిండీస్ నుంచి వచ్చింది, నల్లజాతి రక్తం ఉన్న పిల్ల, ఆ ఊళ్లో అందరికంటే డబ్బున్న పిల్ల. పైగా ఆస్టిన్ నవలల్లో ఒక్క కథానాయకుడూ డ్యూకు కాడు. ఏడాదికి పదివేల పౌన్ల డార్సీకి సైతం ఏ బిరుదూ లేదు. ఈ లెక్కన పాపం ఆస్టిన్‌కూ రెండు నక్షత్రాలు కోత పడాల్సిందే.

లండన్‌లోనే పోర్ట్‌మన్ స్క్వేర్ దగ్గర 1810లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచినవాడు పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్. కూర, పులావు, హుక్కా అన్నీ అక్కడ దొరికేవి. అది దివాలా తీశాక బ్రైటన్ వెళ్లి తలంటు, మర్దనాల వ్యాపారం పెట్టాడు. రీజెంటుగారు నాలుగో జార్జిగా రాజయ్యాక ఆయన ఒంటికీ ఇతని చెయ్యే తగిలింది.

ఆ పోర్ట్‌మన్ స్క్వేరు ఉన్న మార్లిబోన్ పేటలోనే మన హైదరాబాదు పిల్లకు బాప్తిజం జరిగింది. 1802లో పుట్టిన ఆ పిల్లకు ఇంట్లో పెట్టిన పేరు సాహిబ్ బేగం. తల్లి ఖైరున్నిసా. తండ్రి నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. కోఠీ ఉమెన్స్ కాలేజీ అని మనం పిలుచుకున్న ఆ పెద్ద స్తంభాల భవనం ఆయన కట్టించిందే. 1805లో పిల్లను అన్నతోపాటు ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు. తల్లిని మళ్లీ చూడలేదు. అక్కడ ఆమె కిట్టీ కిర్క్‌పాట్రిక్ అయింది. రీజెన్సీ మొదలయ్యేసరికి 8 ఏళ్ల పిల్ల, ముగిసేసరికి 17 ఏళ్ల పడుచు. అంటే నవలల్లో బాల్‌రూమ్‌లో తొలి అడుగు పెట్టే వయసు. తర్వాత థామస్ కార్లైల్ అంతటి రచయిత మనసు పారేసుకున్నాడు. 1829లో ఆమె ఒక సైనికాధికారిని పెళ్లాడింది. అందం, డబ్బు, కన్నీళ్లు, కార్లైల్... రొమాన్సు నవలకు ఇంకేం కావాలి? ఈ కథను పేర్లు మార్చి రాసి ఇస్తే మన సత్యవాదులు ఏమంటారో నాకు తెలుసు: “చరిత్ర ప్రకారం కుదరదు.”

ఇంకో చిత్రం. ఆస్టిన్ ‘నార్తాంగర్ అబ్బీ’లో హెన్రీ టిల్నీ చెల్లెలికి అసలైన ఇండియా మస్లిన్ చవగ్గా కొన్నానని గొప్పలు చెప్పుకుంటాడు. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో లేడీ బెర్ట్రమ్‌కు తూర్పు నుంచి శాలువాలు కావాలి. మస్లిన్ రావొచ్చు, శాలువా రావొచ్చు, చక్కెర, టీ, మిరియాలు రావొచ్చు. ఆ దేశాల మనిషి గడప తొక్కితేనే చరిత్ర మైలపడుతుంది.

నిజంగా తప్పు పట్టాలంటే ‘బ్రిడ్జర్టన్’లో తప్పులేం కరువు కాలేదు. శర్మగారింట్లో తండ్రి ‘అప్పా’, అక్క ‘దీదీ’, చెల్లెలు బెంగాలీలో ‘బోన్’. ఏ ఊరి శర్మగారో ఆ ఇంట్లోవాళ్లకే తెలియాలి. ఇది చూసి మనవాళ్లు పడీపడీ నవ్వారు. చరిత్రను కాపాడే శాఖవారికి మాత్రం ఇందులో ఏ దోషమూ కనబడలేదు, ఎందుకంటే వాళ్ల కళ్లు ముఖం రంగు దాటి ముందుకు పోలేదు.

అసలు వాళ్లు కాపాడుతున్న చరిత్ర ఎవరిది? ‘రీజెన్సీ బక్’ అనే నవల 1935లో వచ్చింది. రాసింది జార్జెట్ హేయర్. ఆవిడ బట్టల గురించీ బండ్ల గురించీ బోలెడు పరిశోధన చేసింది, హాయిగా నవ్వించే సంభాషణలు రాసింది. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని వాకిట్లో నిలబెట్టాలో కూడా ఆవిడే ఎంచుకుంది. తర్వాత రీజెన్సీ రొమాన్సులు రాసినవాళ్లు ఆవిడ వేసిన దారిలో నడిచారు. ఇప్పుడు ఎవరైనా ఆ దారి తప్పితే హేయర్‌కు విరుద్ధం అనడానికి బదులు చరిత్రకు విరుద్ధం అంటున్నారు.

“అయినా ఇంగ్లండులో నల్ల డ్యూకు లేడు కదా?” అంటారు. లేడు. మీ తెల్ల డ్యూకు కూడా లేడు. ఉన్నవాడు పెళ్లి చేసుకోలేదని ఇందాకే చెప్పుకున్నాం.

ఇప్పటి కాలపు రొమాన్సుల్లోనూ ఇదే తంతు. 28 ఏళ్ల బిలియనీరు రోజంతా ఆఫీసు మానేసి ప్రేమిస్తాడు, కంపెనీ లాభాల్లోనే ఉంటుంది. హీరోయిన్ బేకరీ ఎన్నడూ నష్టపోదు. దానికి అభ్యంతరం లేదు. ఆ అమ్మాయి రెండుసార్లు కసిరితే మాత్రం “అసహజం” అంటారు.

రొమాన్సు కలే. మన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరంగారి అందాన్నీ కారునూ 1960లలో మన ఆడపడుచులు కలని తెలిసే చదివారు. జ్యోతి మాసపత్రిక పట్టుకుని ‘ఇది హైదరాబాదు చరిత్ర’ అని ఎవరితోనూ వాదించలేదు. ఆ నవలలను ఎగతాళి చేసిన పండితులకంటే వాళ్లకే సాహిత్యం తెలుసు.

కాబట్టి నచ్చని నవలను నచ్చలేదని చెప్పండి. కల మీది, అందులోకి ఎవరిని పిలవాలో మీ ఇష్టం. ఆ మాటకు ఎవరూ సంజాయిషీ అడగరు. చరిత్ర పేరు ఎత్తారా, అప్పుడు కిట్టీ కిర్క్‌పాట్రిక్‌ను ఏ లెక్కలో వేస్తారో చెప్పి మరీ నక్షత్రం కొయ్యండి.