అట్టపెట్టె సూత్రం – ‘తాపశమని’ వ్యాఖ్యాసహితం

మూలం

“అప్రతిహత శక్తి! పరమ శీతలం! నిశ్శబ్దప్రాయం! ఐ7 – 16 జీబీ – ఆర్‌టీఎక్స్ 4060 – ఆర్‌జీబీ సహితం. విప్పండి, పెట్టండి, గెలవండి!*”

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాస్తూ మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. ఆ ఒట్టులో మొదటి సగాన్ని కంప్యూటర్ల అట్టపెట్టెల మీద రాసేవాళ్లు గట్టున పెట్టారు. రెండో సగాన్ని వ్యాఖ్యాతలం మేం గట్టున పెడతాం.

సూత్రకర్త పేరు పెట్టె మీద పెద్దక్షరాల్లోనే ఉంది గానీ, పేరెత్తడం మర్యాద కాదు. కాలనిర్ణయానికి అంతస్సాక్ష్యం ఉంది. 4060 కార్డు బజారుకొచ్చింది 2023 జూన్‌లో కనుక ఈ కృతి అంతకు ముందుది కానేరదు. ఛందస్సు ఆశ్చర్యార్థకం. రసం పెట్టె విప్పేదాకా వీరం, ఫ్యాన్లు అందుకున్నాక రౌద్రం.

శాస్త్రగ్రంథానికి అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: ఆట. ప్రయోజనం: ఇంట్లో చెప్పిన ప్రకారం మెషీన్ లెర్నింగ్. అధికారి: ఇంజినీరింగ్ రెండో సంవత్సరం కుర్రవాడు. సంబంధం: పై మూడింటినీ కలిపి ఉంచే నాన్నగారి ఈఎంఐ.

ప్రతిపదార్థం

విప్పండి, పెట్టండి, గెలవండి = స్పష్టం. ఆర్‌జీబీ సహితం = స్పష్టం, రాత్రిపూట మరీ స్పష్టం.

అప్రతిహత శక్తి = అడ్డులేని బలం. ఎంతసేపు అడ్డులేనిదో సూత్రకర్త చెప్పలేదు; అసలు కిటుకంతా అక్కడే. ఐ7లలో 13700 అనే చిప్పునే తీసుకుందాం. దానికి ఇంటెల్ వారే రెండు అంకెలిచ్చారు: మూల విద్యుత్తు 65 వాట్లు, టర్బోలో గరిష్ఠం 219 వాట్లు. పెట్టెలో కూర్చి అమ్మేవాడు ఖర్చు కలిసొస్తుందని దాని నెత్తిన అరచేతిలో ఇమిడే అల్యూమినియం కూలర్ ఒకటి పెడతాడు. పని మొదలవగానే చిప్పు 219 వైపు ఉరుకుతుంది. అర నిమిషం అటూ ఇటూ గడిచేసరికి మదర్‌బోర్డు లగాము లాగుతుంది, లేదా నూరు డిగ్రీల దగ్గర చిప్పే భయపడి తగ్గుతుంది. ఆ మొదటి అర నిమిషాన్ని పట్టుకుని ప్రకటనలో నిలువు గీతలు గీస్తారు. చిప్పు వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 కూర్పులో పరీక్షను మామూలుగా పది నిమిషాలు నడిచేలా పెట్టింది ఈ దొంగాటకం తెలిసే. పదో నిమిషంలో ఎంత మిగిలిందో చెప్పని పరీక్షకుడు పెళ్లిచూపుల ఫొటో చూసి కాపురం గురించి తీర్పు చెబుతున్నాడు.

ఆటలోనూ ఇంతే. సగటున సెకనుకు అరవై ఫ్రేములు అంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. కానీ శత్రువు తలుపు వెనక నుంచి దూకే క్షణంలోనే ఒక ఫ్రేము వంద మిల్లీసెకన్లు తీసుకుంటే, సగటుకు నొప్పి ఉండదు, చచ్చేది మనం. అందుకే బుద్ధిమంతులు అన్నిటికన్నా నెమ్మదైన నూటికొక ఫ్రేము లెక్క కూడా అడుగుతారు. పెట్టె మీద అది ఉండదు.

16 జీబీ = పదహారు గిగాబైట్ల ర్యామ్. ఇది కూడా స్పష్టం అని దాటేసే వ్యాఖ్యాతలున్నారు. కష్టమైన చోటల్లా స్పష్టం అనడం మా కులవృత్తి. పదహారంటే ఎనిమిదివి రెండు కర్రలా, పదహారుది ఒకటే కర్రా? ఒకటే అయితే రెండు దారులున్న మెమొరీకి ఒక దారి మూసినట్టు. చాలా ఆటల్లో ఆ తేడా కంటికే తెలుస్తుంది. ఒక కర్ర పెట్టి ‘ముందు ముందు పెంచుకోవడానికి ఒక స్లాటు ఖాళీగా ఉంచాం’ అని చెప్పేవాడి ధైర్యానికి నమస్కారం.

పరమ శీతలం = మిక్కిలి చల్లనిది. ఎవరికి? కార్డు నూటపదిహేను వాట్లు, చిప్పు ఇంకో వంద, తక్కినవి కలుపుకుని మూడు వందల వాట్లు గోడ ప్లగ్గులోంచి లాగితే ఆ మూడు వందలూ చివరికి వేడిగానే గదిలోకి వస్తాయి. ఫ్యాన్లు వేడిని చంపవు, పెట్టెలోంచి మన మీదికి తోలతాయి. చిప్పు ఎంత చల్లగా ఉంటే ఆ వేడి అంత సమర్థంగా మనకు అందినట్టు. ఇక ఆ పెట్టె ముందు వైపు చూడండి: లోపల మూడు ఫ్యాన్లు రంగులు చిమ్ముతున్నాయి, వాటి ముఖాన నిలువెత్తు అద్దం. గాలి రావలసింది పక్కన చిటికెనవేలంత సందులోంచి. ముక్కు మూసి పరుగుపందెంలో దింపడం అంటే ఇదే. ఆ అద్దం తీసేసి కొలిస్తే ఉష్ణోగ్రత తగ్గుతుందని పరీక్షకులకు తెలుసు. అయినా నివేదికలో ‘చూడ ముచ్చటైన ముందు భాగం’ అని ఒక పేరా.

అసలు కోపం వేరే చోట ఉంది. చిప్పు 78 డిగ్రీలు అని రాస్తారు, గది ఎన్ని డిగ్రీలో రాయరు. ఆ గది ఏసీ వేసుకుని 22 దగ్గర కూర్చున్న గది. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఇంటి లోపలే 38 ఉంటే, పైన పదహారు కలుపుకుని 94 దగ్గర తేలతాం. ఇది యంత్రం తప్పు కాదు, రెంటచింతల తప్పూ కాదు. గది వేడి ఎంతో రాయకుండా 78 అని రాసినవాడి తప్పు.

నిశ్శబ్దప్రాయం = ఇక్కడ వ్యాఖ్యాత కొంచెం ఆగుతాడు.

అన్నంభట్టు మన తెలుగువాడు, పిల్లలు సులభంగా చదువుకోవాలని తర్కసంగ్రహం రాశాడు. అందులో శబ్దం ఆకాశగుణం. చెవితో మాత్రమే అందేది. అది రెండు రకాలు: భేరి మోతలాంటి ధ్వని, మాటల్లో వినిపించే వర్ణం. పుట్టుకను బట్టి చూస్తే మూడు. కర్ర భేరికి తగిలితే సంయోగజం, వెదురు చీలిస్తే విభాగజం, ఒక శబ్దంలోంచి మరో శబ్దం పుడితే శబ్దజం. ఇంత చక్కటి విభజన పట్టుకుని గేమింగ్ పెట్టె ముందు కూర్చుంటే ఎన్ని సంగతులు తేలతాయో! ఫ్యాన్ రెక్క గాలిని కొట్టడం సంయోగజం. గ్రాఫిక్స్ కార్డు మీది రాగిచుట్టలు కరెంటు ఒరవడికి సన్నగా కంపిస్తూ కీచుమంటాయే, దాన్ని కాయిల్ వైన్ అంటారు, అదేమిటి? తగిలిందీ లేదు, చీలిందీ లేదు. పండితులు తేల్చుకోవాలి. ఫ్యాన్ రొదకు పక్క రేకు అదిరి తనూ పాట ఎత్తుకోవడం మాత్రం నిస్సందేహంగా శబ్దజం. రేకు మీద అరచెయ్యి వేస్తే ఆగిపోతుంది కనుక ప్రత్యక్ష ప్రమాణం కూడా దొరికింది.

మరి పుట్టిన శబ్దం చెవిదాకా వచ్చేదెలా? నైయాయికులు రెండు దారులు చెప్పారు. వీచీతరంగ న్యాయం ప్రకారం చెరువులో అల వెంట అలలా ఒక శబ్దం మరోదాన్ని కని తాను పోతుంది. మన చెవిలో పడేది ఆ వరసలో ఆఖరిది. కదంబముకుళ న్యాయం ప్రకారం కడిమి మొగ్గ ఒక్కసారిగా అన్ని వైపులా విచ్చుకున్నట్టు శబ్దం దశదిశలా పుడుతుంది. నా ఓటు రెండోదానికే. అర్ధరాత్రి ఆట ఊపందుకున్నప్పుడు పక్కగదిలో అమ్మమ్మ, పై వాటాలో అద్దెకున్నవాళ్లు, కింద వాచ్‌మన్ ఒకేసారి లేస్తున్నారు గనుక. శబ్దం నిత్యమని మీమాంసకులు, అనిత్యమని నైయాయికులు తరతరాలు వాదించుకున్నారు. ఈ ఫ్యాన్ విన్నవాడెవడైనా మీమాంసకుల పక్షం చేరతాడనిపిస్తుంది. అయితే వాళ్లు నిత్యమన్నది వర్ణాలను, రొదను కాదు. చమత్కారం కోసం శాస్త్రాన్ని వంచితే పైలోకంలో మీమాంసకుడు కుమారిలభట్టుకు జవాబు చెప్పుకోవాలి. కుమారిలుడి సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి, శ్లోకవార్తికంలో శబ్దనిత్యతకు ఒక పెద్ద అధికరణమే ఉంది, దాని ముందు ఏ యంత్ర సమీక్షా నిలవదు...

ప్రకృతం అనుసరించాలి. పెట్టె.

పెట్టె మీద ‘32 డెసిబెల్స్’ అనే ఉపసూత్రం ఉంది. ఎంత దూరం నుంచి? ఆరుబయట దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ తగ్గుతాయి. మైకును గది అవతల గోడకు తగిలించి కొలిస్తే పిండిమిల్లు కూడా నిశ్శబ్దప్రాయమే. ఎంత పనిలో? ఖాళీగా డెస్క్‌టాప్ బొమ్మ చూపిస్తున్నప్పుడా, ఆట గంట నడిచాకనా? డెసిబెల్ అంటే కిలోల్లాంటిది కాదు; అదే రకం ఫ్యాన్ ఇంకోటి పెడితే మూడే పెరుగుతాయి, కానీ పది పెరిగితే మన చెవికి రెట్టింపు మోతలా తోస్తుంది. కాబట్టి 32కీ 42కీ తేడా ‘పదే కదా’ కాదు.

దీనికన్నా ముఖ్యమైనది అంకెకు అసలు చిక్కదు. ఒకే తీరున హోరుమనే ఫ్యాన్‌ను చెవి పది నిమిషాల్లో మరిచిపోతుంది. చౌక పెట్టెల్లో ఫ్యాన్ ఉష్ణోగ్రతను రెండు డిగ్రీల చొప్పున వెంటాడుతుంది: లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. బ్రౌజర్ తెరిస్తే ఓసారి నిట్టూరుస్తుంది, మూస్తే ఇంకోసారి. ఫర్మ్‌వేర్‌లో కాస్త నెమ్మదిగా స్పందించమని రాసి ఉంటే చాలు. దానికి పైసా ఖర్చు లేదు. అది కూడా చేయకుండా పెట్టె మీద నిశ్శబ్దం అని అచ్చువేశారు. సరిచేసుకుందామంటే ఫ్యాన్ వేగం మార్చే పేజీకే తాళం. ఈ ఒక్క సంగతికి నాకు నిజంగా ఒళ్లు మండుతుంది.

పాఠాంతరాలు

‘ఆర్‌టీఎక్స్ 4060’ అన్న చోట ల్యాప్‌టాప్ ప్రతుల్లోనూ అదే పాఠం కనిపిస్తుంది, కానీ అక్కడ దానికి 35 వాట్ల నుంచి పైకి తయారీదారు ఇష్టం. ఒకే పేరు, వేరు వేరు అర్థాలు అనే సంప్రదాయం పాతదే. 2016 నాటి జీటీఎక్స్ 1060లో 3 జీబీ ప్రతికి 1152 కోర్లు, 6 జీబీ ప్రతికి 1280. చదివేవాడు మెమొరీ ఒక్కటే తక్కువ అనుకున్నాడు. 2022లో 4080 అనే పేరుతో 12 జీబీ ప్రతి ఒకటి ప్రకటించి, జనం గోల పెట్టాక అమ్మకానికి రాకముందే ఎన్విడియా వెనక్కి తీసుకుంది. ప్రక్షిప్తాన్ని కర్తే గుర్తించి తొలగించిన సందర్భం వాఙ్మయంలో అరుదు.

పూర్వపక్షం

“ఎందుకీ రభస? సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి విడిభాగాలు కొని అసెంబుల్డ్ సిస్టమ్ కట్టించుకోవచ్చు కదా” అంటారు. అనొచ్చు. కానీ 2020, 21లలో గ్రాఫిక్స్ కార్డులు దొరకక ధరలు మండినప్పుడు, మనసొప్పే ధరకు కార్డు కావాలంటే పెట్టెతో సహా కొనడమే దారి అయింది చాలామందికి. ఊళ్లో షాపు లేనివాడు, పాడైతే ఏ భాగం పోయిందో పోల్చుకోలేనివాడు, ఒకటే ఫోన్ నంబరు కావాలనుకునేవాడు కట్టిన పెట్టె కొంటే తప్పేం లేదు. నేను వాళ్ల పక్షమే. అందుకే ఈ కోపం.

సిద్ధాంతం: కట్టి అమ్మడం దోషం కాదు, కట్టిపడెయ్యడం దోషం. కొన్ని పెట్టెల్లో ఎస్‌ఎంపీఎస్ ఆకారం వేరు, దాని పిన్నుల అమరిక వేరు, మదర్‌బోర్డు మరలు వేరు. ముప్ఫయి నెలలకు ఎస్‌ఎంపీఎస్ పోతే బజార్లో దొరికే ఏదీ అందులో ఇమడదు. బంగారంలాంటి కార్డు, చిప్పు లోపల పెట్టుకుని ఆ పెట్టె తూకానికి వెళుతుంది. ఈ సంగతి అట్ట మీద ఏ పదంలోనూ లేదు, ఏ వ్యంజనతోనూ స్ఫురించదు. పరీక్షకులు నాలుగు మరలు విప్పి చూస్తే కనిపిస్తుంది. చాలామంది లైట్లు చూపించి సరిపెడతారు.

శేషం

గెలవండి! తర్వాత ఒక నక్షత్రం ఉంది. ఇంతవరకు దీన్ని ఎవరూ వ్యాఖ్యానించలేదు. ‘షరతులు వర్తిస్తాయి’ అని దానర్థం. గది వేడి, మైకు దూరం, అర నిమిషం, ఒంటి కర్ర అన్నీ అందులోనే ఒదిగి ఉన్నాయని ఊహించాలి. ఆ షరతుల కాగితం పెట్టె లోపల, థర్మాకోల్ అడుగున ఉంది. సీలు తీసిన పెట్టె వాపసు తీసుకోబడదు అన్నది ఆ కాగితంలో మొదటి షరతు.