జవహర్‌నగర్ ఎమిరేట్స్

జెనీవాలో పది రోజులు మాట్లాడుకుని, ప్లాస్టిక్ ఒప్పందం సంగతి తేలకుండానే 2025 ఆగస్టు 15న దేశదేశాల వాళ్లు పెట్టెలు సర్దుకున్నారు. పోతే పోయింది. నాకు నచ్చింది మనవాళ్లు కూర్చున్న పంక్తి. ఒక పక్క కువైట్, ఇంకో పక్క సౌదీ. ఏ ప్లాస్టిక్ వస్తువు ఎప్పటికల్లా మానెయ్యాలో లోకమంతటికీ ఒకే జాబితా పెట్టొద్దన్నారు. అసలు ఉత్పత్తికే కళ్లెం వేస్తామంటే ఒప్పుకునేది లేదని 2024లో బూసాన్‌లోనే చెప్పేశారు. అభివృద్ధి చెందే హక్కుకి అడ్డమట. చమురు దేశాల సరసన మనకేం పని అని కొందరు నొసలు చిట్లించారు. పాపం, వాళ్లకి విషయం తెలీదు. మనదీ చమురు దేశమే. వాళ్లకి నేల కింద ఉంది, మనకి నేల మీద ఉంది. అంతే తేడా.

నమ్మకపోతే డెహ్రాడూన్‌ని అడగండి. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం వాళ్లు 2019లోనే ప్లాంటు పెట్టి చూపించారు. టన్ను ప్లాస్టిక్ పోస్తే 800 లీటర్ల డీజిల్. గాలి చొరబడకుండా మూసి నాలుగైదు వందల డిగ్రీల దాకా కాగబెడితే ప్లాస్టిక్‌లోని పొడుగాటి గొలుసులు తెగి ఆవిరవుతాయి. చల్లబరిస్తే చమురు దిగుతుంది, చల్లబడనిది గ్యాసుగా మిగులుతుంది, అడుగున మసి. ఇది 1996 నాటి రామర్ పిళ్లై మూలికల పెట్రోలు కాదు సుమండీ, నికార్సయిన సైన్సు.

ఇక నిల్వలు. లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో లెక్క తేల్చారు. దిక్కూమొక్కూ లేకుండా వదిలేసే ప్లాస్టిక్‌లో ప్రపంచంలో మనమే ఫస్టు, ఏడాదికి 93 లక్షల టన్నులు. డెహ్రాడూన్ లెక్కన 744 కోట్ల లీటర్లు! మన ప్రభుత్వమేమో 2020-21లో దేశం మొత్తం మీద పుట్టిన ప్లాస్టిక్ చెత్తే 41 లక్షల టన్నులంటుంది. చమురు దేశాలు ఎక్కడైనా నిల్వలు ఎక్కువ చేసి చెప్పుకుంటాయి. తక్కువ చేసి చెప్పుకునే వినయం మనదొక్కటే.

క్షేత్రాల సంగతి తెలుగువాళ్లకి ఒకరు చెప్పాలా? హైదరాబాద్‌కి జవహర్‌నగర్, విశాఖకి కాపులుప్పాడ. సముద్రంలో తవ్వకాలు కావాలంటే మూసీ ఉంది, హుస్సేన్‌సాగర్ ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో ప్రతి ఫంక్షన్ హాలు వెనకాలా ఒక కొత్త బావి పడుతుంది. అరబ్బులు చమురుని బ్యారెళ్లలో కొలుస్తారు. మన కొలత కర్రీ పాయింటులో దారం చుట్టి ఇచ్చే పప్పుచారు కవరు. క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లు ఉండాలని 2022 డిసెంబరు 31 నుంచి రూలుంది కదా అంటారా? మందం పెరిగితే దిగుబడి పెరుగుతుంది, అందుకే పెట్టుంటారు. జగిత్యాల కుర్రాడు దుబాయ్ ఏజెంటుకి డబ్బు కట్టక్కర్లేదు. రాజంపేట అమ్మాయి కువైట్‌లో అంట్లు తోమక్కర్లేదు. గల్ఫే మన వీధి చివరికొచ్చింది, ముక్కు మూసుకుంటే కనిపిస్తుంది.

చమురు క్షేత్రమన్నాక మంట వెలుగుతూ ఉండాలి. కోనసీమ వాళ్లకి ఓఎన్జీసీ మంటలు అలవాటే. మనమింకా ఘనం, ప్రతి మలుపులోనూ తెల్లవారుజామున చెత్తకుప్పకి అగ్గిపుల్ల గీసి వెలిగిస్తాం. ఆ 93 లక్షల టన్నుల్లో 58 లక్షల టన్నులు ఇలా ఆరుబయట తగలబడేదేనని అదే లీడ్స్ లెక్క. ఇంత సంపదని గాలికి వదలడానికి ఎంత గుండెధైర్యం కావాలి!

ఒక్క వస్తువు మాత్రం ఈ చమురుకి పనికిరాదు. మన నాయకుల ఫ్లెక్సీ. అది పీవీసీ. కాగబెడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదిలి యంత్రాన్నే తినేస్తుంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లెక్సీలు నిషేధిస్తామన్నారు, తర్వాత ఆ గడువే వాయిదా పడింది. కొన్ని నిల్వలు ముట్టుకోకూడదు మరి.

దొంగ బావులూ ఉన్నాయి. ఇంత ప్లాస్టిక్ రీసైకిల్ చేశామంటూ కంపెనీలకి అమ్మే సర్టిఫికెట్లలో ఆరు లక్షలు ఉత్తుత్తివని 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే పట్టుకుంది. చుక్క తియ్యకుండా కాగితం మీద అమ్మడం సౌదీకి కూడా చేతకాలేదు.

అన్నిటికన్నా లోతైన బావి పుట్టపర్తిలో దొరికింది. అక్కడి కరుణా సొసైటీ వాళ్లు ఒక ఆవు కడుపు కోసి 53 కిలోల ప్లాస్టిక్ తీశారు. డెహ్రాడూన్ లెక్కన 42 లీటర్ల డీజిల్.

నలభై రెండు లీటర్లు. చాలు, ఈ వెటకారం ఇక నావల్ల కాదు. ఆ సొసైటీయే సుప్రీంకోర్టుకి వెళ్తే, ప్లాస్టిక్‌ని పూర్తిగా ఆపకపోతే రాబోయే తరానికి అణుబాంబుని మించిన ముప్పని న్యాయమూర్తులు 2012లో అన్నారు. పదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఇన్నేళ్లలో ఆ ఆవు మేతని తగ్గించడానికి మనం చేసిందేమిటి? డీజిల్ కబుర్లు చెప్పడం. ఆ డీజిల్ యంత్రానికి కావలసింది శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్లు, విరిగిన బకెట్లు. వాటిని స్క్రాప్ షాపువాడు ఎలాగూ కొంటాడు. వాడు కూడా కొనని చిప్స్ ప్యాకెట్టు, గుట్కా ప్యాకెట్టు, షాంపూ సాషే ఉన్నాయే, రకరకాల పొరలు అతికించినవి, వాటితో ఆ యంత్రానికీ తంటానే. వచ్చిన గ్యాసులో చాలా భాగం ఆ పొయ్యికే సరిపోతుంది. చెత్తలోంచి ఆ నాలుగు ప్యాకెట్లూ ఏరేది గ్లౌజుల్లేని చేతులు. వీధి మలుపులో చెత్తకుప్పల పొగ మింగేది తెల్లారక ముందే చీపురు పట్టుకునే ఆడవాళ్లు. సాషే తయారుచేసిన కంపెనీ మాత్రం, 2022 ప్లాస్టిక్ చెత్త నిబంధనల పుణ్యమా అని, రీసైకిల్ కాని ప్లాస్టిక్‌ని చమురు తియ్యడానికి పంపించినట్టు కాగితం చూపిస్తే చేతులు దులిపేసుకోవచ్చు. మర్నాడు మళ్లీ అంతే సరుకు మార్కెట్లోకి వదలొచ్చు. అందుకే ఈ డీజిల్ కథంటే వాళ్లకంత ముద్దు. భూమిలోంచి చమురు తోడి, దాన్ని సాషే చేసి, ఆవుకి తినిపించి, మళ్లీ చమురు చేసి, సాషేలు మోసే లారీలో పోస్తారట! దీనికి అభివృద్ధి హక్కని పేరు పెట్టి మన దేశం తరఫున, మీ పేరూ నా పేరూ చెప్పి, జెనీవాలో వాదించి వచ్చారు.

డెహ్రాడూన్ ప్లాంటు సామర్థ్యం రోజుకి ఒక టన్ను. మనం వదిలేసే ప్లాస్టిక్ రోజుకి పాతికవేల టన్నులకి పైమాటే.