నేను సరళ్ ఉపగ్రహాన్ని

2013 ఫిబ్రవరి 25 సాయంత్రం శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ-సీ20 రాకెట్ నన్ను నింగికి ఎక్కించింది. నా ఒళ్లు ఇస్రో చేసింది, లోపలి ప్రధాన పరికరాలు ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ ఇచ్చింది. భూమికి దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా, వంద నిమిషాలకో చుట్టు తిరుగుతాను. కోదాడ మీదుగా ఉత్తరానికి సాగానంటే ఇరవై నిమిషాల్లోపే ఆర్కిటిక్ మంచు సముద్రం.

నాలోని ఆల్టికా అనే పరికరం సముద్రమట్టం కొలుస్తుంది, ఆర్గోస్ అనే పరికరం సంకేతాలు వింటుంది. నాకు ఆ వినడమే ప్రాణం. శాస్త్రవేత్తలు సీల్ అనే సముద్ర జంతువు తలమీది బొచ్చుకు చిన్న ట్రాన్స్‌మిటర్‌ను జిగురుతో అంటిస్తారు. ఏటా బొచ్చు రాలేటప్పుడు అదీ ఊడిపోతుంది. సీల్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ ఏ కబురూ రాదు. ఊపిరి కోసం తల పైకెత్తిందా, ఒక చిన్న సంకేతం నాకు అందుతుంది. విజయవాడ హైవే మీద కోదాడ దాటే లారీ హారన్ దగ్గరికొస్తుంటే సన్నగా, దూరమవుతుంటే బొంగురుగా వినిపిస్తుంది కదా, నా పరుగుకు ఆ సంకేతం ఫ్రీక్వెన్సీ కూడా అలాగే మారుతుంది. ఆ తేడాను బట్టే సీల్ ఎక్కడుందో లెక్క కడతారు.

ఈ ఆచూకీ ఎంత అవసరమో ఉత్తర కాస్పియన్ సముద్రంలో తెలుస్తుంది. అక్కడ జనవరి చివరి నుంచి సీల్ తల్లులు గడ్డకట్టిన సముద్రం మీదే ఈనుతాయి. తెల్లబొచ్చు పిల్లలకు కొన్ని వారాలపాటు ఆ మంచే ఇల్లు. కజకిస్థాన్ చమురు క్షేత్రాలకు వెళ్లే ఐస్‌బ్రేకర్ ఓడలు అదే మంచును చీల్చుకుంటూ పోతాయి. తల్లీపిల్లా చెరోవైపు అవుతాయి, కొన్ని పిల్లలు ఓడ కిందే పోతాయి. వందేళ్ల కిందట పది లక్షలకు పైగా ఉన్న ఈ సీల్ జాతి ప్రధానంగా వేట వల్ల పదోవంతుకు పడిపోయింది. 2008లో దీన్ని అంతరించే ముప్పున్న జీవుల వర్గంలోకి మార్చారు. మిగిలిన ప్రతి పిల్లా విలువైనదే.

ట్రాన్స్‌మిటర్ ఉన్న సీళ్లు కొద్దే. మిగతావాటి కోసం మబ్బులోనూ చీకట్లోనూ చూడగల రాడార్ ఉపగ్రహాల మంచు పటాలు కావాలి. ఏ మంచు మీద ఈనుతాయో ముందే అంచనా వేస్తే, సీజన్ మొదలయ్యేలోపే ఓడల దారి మార్చవచ్చు.

మన పక్క ఒడిశా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లకూ ఇలాంటి ట్రాన్స్‌మిటర్లు అమర్చి, అవి ఈదే దారులు తెలుసుకున్నారు. తెలిశాక కూడా ట్రాలర్ వల అక్కడే పడితే ఆ శ్రమంతా వృథా. ఓడలు నడిపేవాళ్లారా, ఆచూకీ చెప్పడం వరకే నా వంతు, చుక్కాని మీ చేతుల్లో ఉంది. చుట్టుదారికి ఖర్చయ్యే కొన్ని గంటలూ, ఆ డీజిలూ తల్లీపిల్లలకు వదిలేయండి.