ఇంగ్లిష్ సర్వనామాలు: మర్యాద చెడకుండా వాడే పద్ధతి

మన పిల్లల ఇంగ్లిష్‌లో గ్రామర్ బాగానే ఉంటోంది, మర్యాదే కరువవుతోంది. వాడు, అతను, ఆయన, వారు అని మనం మనిషిని బట్టి మాట మారుస్తాం. ఇంగ్లిష్‌లో అందరికీ ఒక్క ‘హీ’తో సరి. తాతగారూ ‘హీ’యే, తాతగారి జేబు కొట్టినవాడూ ‘హీ’యే. ఇది నాకు బాధగా ఉంది. అందుకే ఈ సలహాలు.

1. పెద్దవాళ్లను ‘హీ’, ‘షి’ అనకండి. ‘గ్రాండ్‌ఫాదర్ కేమ్. గ్రాండ్‌ఫాదర్ వాష్డ్ గ్రాండ్‌ఫాదర్స్ ఫీట్’ అనండి. మరీ సాగుతోందనిపిస్తే ‘దే’ వాడండి. ‘నాన్నగారు వచ్చారు’ అని మనం బహువచనం పెట్టడం లేదా? ఆడో మగో, ఎవరో తెలియని ఒక్క మనిషిని ‘దే’ అనడం ఇంగ్లిష్‌లో 14వ శతాబ్దం నుంచీ ఉంది. ముక్కూమొహం తెలియనివాడికి దక్కిన మాట నాన్నగారికి దక్కకూడదా?

2. చిన్నవాళ్లను ‘యు’ అనకండి. ఒకప్పుడు ఇంగ్లిష్‌లోనూ మనకున్నట్టే రెండు మాటలుండేవి. చనువున్నవాళ్లను, తక్కువవాళ్లను ‘దౌ’ అనేవారు. గౌరవించాల్సినవాళ్లను ‘యు’ అనేవారు. 17వ శతాబ్దంలో ‘దౌ’ మామూలు వాడుకలోంచి జారిపోతూ వచ్చింది. జార్జ్ ఫాక్స్ అనే మతబోధకుడి అనుచరులైన క్వేకర్లు మాత్రం ఎంత గొప్పవాడినైనా ‘దౌ’ అనే పిలిచి తిట్లు తిన్నారు. అంటే ‘యు’ అసలు మన ‘మీరు’. అల్లరి చేసే బుడతడికి ‘మీరు’ ఎందుకు? ‘దౌ ఆర్ట్ లేట్’ అనండి. ‘మీరు’ పెద్దలకు దాచి ఉంచండి.

3. ‘వి’ అన్నప్పుడు చెయ్యి కదపండి. మనమా, మేమా అన్నది ఆ మాటలో తేలదు. ‘వి ఆర్ గోయింగ్ టు తిరుపతి’ అంటే ఎదుటివాళ్లు బట్టలు సర్దుకోవాలో వద్దో తెలియదు. ‘మనం’ అయితే చేత్తో వాళ్లనీ కలిపి చుట్టి చూపండి, ‘మేము’ అయితే గుండె మీద చెయ్యి పెట్టుకోండి. ఫోన్‌లో అయితే వెళ్లేవాళ్ల పేర్లన్నీ వరసగా చదవండి.

4. ‘ఐ’ మానేయండి. వాక్యంలో ఎక్కడున్నా దాన్ని పెద్దక్షరంతోనే రాస్తారు. ‘యు’కి ఆ భాగ్యం లేదు. తనను పెద్దగా, ఎదుటివారిని చిన్నగా రాయడం మన సంస్కారం కాదు. తెలుగులో ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు. ‘కేమ్ యెస్టర్‌డే’ అనండి. వచ్చిందెవరో వినేవాళ్లు అడిగి తెలుసుకుంటారు.

పరీక్షల్లో ఇలా రాస్తే మార్కులు పోతాయని పిల్లలు భయపడతారు. పోనివ్వండి. సప్లిమెంటరీ రాసి మార్కులు తెచ్చుకోవచ్చు, తాతగారిని ‘హీ’ అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేం.