కోల్ట్ దొర పుర్రచెయ్యి

ఖతర్ ఉత్తరపు కొసన, దోహాకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అల్ రువైస్‌లో తెలుగువాడికి రివాల్వర్ కనిపించేది ఫోన్ తెర మీదే. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం అక్కడ నేరం. అయినా సెలవు రోజున గదిలో ఎవరైనా 1971 నాటి కౌబాయ్ సినిమా ‘మోసగాళ్లకు మోసగాడు’ పెట్టారంటే చాలు, తుపాకీ పండితుడొకడు లేస్తాడు. “కోల్ట్ దొరది పుర్రచేతివాటం. అందుకే కోల్ట్ రివాల్వర్ పుర్రచేతివాళ్లకు కుదురుతుంది” అని తీర్పిచ్చేస్తాడు. ఇలాంటి పండితులు అమెరికాలోనూ కొల్లలు.

వాళ్ల ఆధారమల్లా ఒక గేటు. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీకి తూటాలు దూర్చే గేటు కుడి పక్కన ఉంటుంది. ఖాళీ షెల్స్‌ను నెట్టే కడ్డీ కూడా అటే. పుర్రచేతివాడు తుపాకీని ఎడమచేతిలోనే ఉంచుకుని కుడిచేత్తో ఒక్కో తూటా ఎక్కించుకోవచ్చు. కుడిచేతివాడే సాధారణంగా చేయి మార్చుకుంటాడు. ఇంతవరకు నిజమే. చిక్కేమిటంటే కంపెనీ యజమాని శామ్యూల్ కోల్ట్ 1862 జనవరిలోనే కన్నుమూశాడు. ఈ తుపాకీని రూపొందించినవాళ్లలో ముఖ్యుడు విలియం మేసన్. పోయి పదేళ్లయిన యజమాని చేతివాటం కోసం మేసన్ గేటు అటు పెట్టాడంటే, తద్దినం నాడు కాకి వచ్చి డ్రాయింగు దిద్దిపోయిందనీ నమ్మాలి.

అమెరికా బందిపోటు బిల్లీ ది కిడ్‌దీ ఇదే వరస. టిన్‌టైప్ ఫొటోలో రివాల్వర్ ఎడమ తుంటి మీద కనిపించింది కనుక పుర్రచేతివాడన్నారు. 1958లో పాల్ న్యూమన్‌తో ‘ది లెఫ్ట్ హ్యాండెడ్ గన్’ అని సినిమాయే తీశారు. టిన్‌టైప్‌లో కుడి ఎడమలు తారుమారవుతాయి. అదే ఫొటోలో వించెస్టర్ రైఫిల్ గేటు, కుడి పక్కన ఉండాల్సింది, ఎడమ పక్కన కనిపిస్తూనే ఉంది. చూసే ఓపిక ఎవరికుంది?

పుర్రచేతివాళ్లకు లేని చుట్టరికాలు కలిపిన లోకం, కావలసిన మీట మాత్రం ఇవ్వలేదు.

నేటి స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్‌నే చూడండి. సిలిండర్ తెరుచుకునేది ఎడమకు, దాన్ని తెరిచే లాచ్ ఉండేదీ ఎడమనే. కుడిచేతివాడి బొటనవేలు సరిగ్గా లాచ్ మీదే పడుతుంది. పుర్రచేతివాడి బొటనవేలు అవతలి పక్కన ఉండిపోతుంది. చూపుడువేలు ట్రిగ్గర్ మీంచి తీసి, వెనక్కి మడిచి లాచ్ నెట్టాలి, కుడిచేత్తో సిలిండర్ తోయాలి. లేదంటే తుపాకీనే చేయి మార్చాలి. ఈ అవస్థంతా చూసి పండితుడు “అలవాటైపోతుందిలే” అంటాడు. కుడిచేతివాడికి ఆ ఓదార్పు అవసరమే పడదు.

పాత వెబ్లీ రివాల్వర్ కాస్త నయం. తెరిచే మీట దానికీ ఎడమనే ఉన్నా, మధ్యకు విరిచి తెరిచాక సిలిండర్ ఏ చేతికైనా ఒకేలా అందుతుంది. చార్టర్ ఆర్మ్స్ కంపెనీ ఒకడుగు ముందుకేసి, సిలిండర్ కుడివైపు తెరుచుకునే ‘సౌత్‌పా’ రివాల్వర్ తయారుచేసింది. అంటే చేతకాక కాదు, చెయ్యక.

కాబట్టి లైసెన్సున్న పుర్రచేతివాళ్లకు ఒక మనవి. కోల్ట్ దొర ఏ చేత్తో తిన్నాడన్నది దుకాణంలో అడగకండి. లాచ్ ఏ పక్కన ఉందో చూసి డబ్బు కట్టండి.